అదే మోడల్ రిమ్ము, అయినా ఎందుకు ఎక్కలేదు?

ప్రశ్న: నేను ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి విరమణ పొందాను. మా అబ్బాయి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ పక్కన ఉద్యోగం చేస్తున్నాడు. అతనిది 2016 నాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న రకం. మంచు కాలానికని, వింటర్ టైర్లు ఎక్కించి ఉన్న 16 అంగుళాల పాత రిమ్ములు నాలుగు కొన్నాడు. అవి అదే మోడల్ కారు నుంచి తీసినవేనని అమ్మినాయన చెప్పాడట. తీరా ముందు చక్రం బిగించబోతే రిమ్ము కాలిపర్‌కు, అంటే బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగానికి, తగిలి హబ్బు మీద కూర్చోలేదు. స్పేసర్ (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు, కాలిపర్ మూలను కాస్త రాపించుకోమని మరొకరు సలహా ఇచ్చారట. వీడియో కాల్‌లో చూపించాడు గాని, బస్సుల డ్రమ్ము బ్రేకులకు అలవాటుపడిన నాకు ఇది కొత్త. వాడికి ఏమి చెప్పమంటారు?
– ఒక విశ్రాంత మెకానిక్, మిర్యాలగూడ

జవాబు: కాలిపర్‌ను రాపించే మాట ముందుగా పక్కన పెట్టించండి. బ్రేకు తొక్కినప్పుడు డిస్కుకు రెండు వైపులా ఉన్న ప్యాడ్లను దగ్గరకు లాగి పట్టి ఉంచేది ఆ లోహపు వంతెనే. దానిలో ఎంత మందం ఎక్కడ ఉండాలో లెక్క వేసి పోత పోస్తారు. రిమ్ముకు తగులుతున్నదని దాన్ని అరగదీయడం, చెప్పు బిగుతుగా ఉన్నదని పాదాన్ని చెక్కుకోవడం వంటిది.

అమ్మినాయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆ తరం జీటీఐ మామూలు రకానికి ముందు డిస్కు 312 మిల్లీమీటర్లు, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ రకానికి 340 మిల్లీమీటర్లు. పేరు ఒకటే, బ్రేకులు వేరు. మొదటి రకానికి 16 అంగుళాల రిమ్ము ఎక్కుతుంది, రెండో రకానికి ఎక్కదు. కారణం తెలుసుకుంటే మళ్లీ రిమ్ములు కొనేటప్పుడు మోసపోయే అవకాశం ఉండదు కనుక, ఆ లెక్కను కొంచెం వివరంగా చెబుతాను.

రిమ్ము మీద రాసి ఉండే 16, 17 అనే అంకెలు టైరు అంచు కూర్చునే చోట కొలిచినవే తప్ప లోపలి ఖాళీని చెప్పేవి కావు. టైరును ఎక్కించడానికీ దించడానికీ వీలుగా రిమ్ము నడుమ ఒక పల్లం చేస్తారు. ఆ పల్లం ఒక్కో వైపు సుమారు 17 మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది, దాని మీద గోడ మందం మరో 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 16 అంగుళాలంటే 406 మిల్లీమీటర్లు. అందులో ఈ రెండింటినీ రెండు వైపులా తీసివేస్తే ఇరుకైన చోట మిగిలేది సుమారు 362. ఇక 340 డిస్కు చుట్టూ కాలిపర్ వంతెన 15 నుంచి 20 మిల్లీమీటర్ల మేర పైకి పొడుచుకొని ఉంటుంది, అంటే దానికి 370 నుంచి 380 మిల్లీమీటర్ల చోటు కావాలి. ఎక్కడి నుంచి వస్తుంది? అదే 17 అంగుళాల రిమ్ములో 387 దాకా దొరుకుతుంది. పల్లం ఎక్కడ పెట్టారు, గోడ ఎంత మందం అన్నదాన్ని బట్టి ఈ అంకెలు రిమ్ముకొక తీరుగా మారతాయి గనుక వీటిని అంచనాకు మాత్రమే వాడాలి.

స్పేసర్ సంగతికి వస్తే, కాలిపర్‌కు రిమ్ము తగిలే చోట్లు రెండున్నాయి. ఒకటి రిమ్ము గుండ్రటి గోడ. రెండోది ఆకుల వెనక భాగం, అంటే మన ఎడ్లబండి గిర్రకున్నట్టే హబ్బు నుంచి అంచుకు పోయే కమ్మీలు. స్పేసర్ చక్రాన్ని పక్కకు, బయటి వైపుకు మాత్రమే జరుపుతుంది. అందువల్ల ఆకు తగులుతుంటే 3 లేదా 5 మిల్లీమీటర్ల స్పేసర్ పనికిరావచ్చు గాని, గోడ తగులుతుంటే ఎంత మందం స్పేసర్ వేసినా లోపలి గుండ్రం పెద్దదై కూర్చోదు. మీ అబ్బాయి విషయంలో తగులుతున్నది గోడే అయి ఉండాలి. ఖాయం చేసుకోవాలంటే, కాలిపర్ బయటి ఉపరితలానికి సుద్ద పూసి, రిమ్మును హబ్బు దగ్గరకు నెమ్మదిగా తెచ్చి, మరక ఎక్కడ అంటుకున్నదో చూడమనండి. ఈ పద్ధతి మీకు గ్యారేజీ రోజుల నుంచి తెలిసినదే.

కాబట్టి 16 అంగుళాల రిమ్ములను, వీలైతే టైర్లతో సహా, అమ్మివేసి 17 అంగుళాలవి కొనుక్కోవడమే మార్గం. ఆ కారుకు కంపెనీ నుంచి వచ్చిన టైరు 225/40 ఆర్18, అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. దాని మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ము మీద 205/50 ఆర్17 వేస్తే ఎత్తు 636.8 వస్తుంది, స్పీడోమీటరుకు ఆ తేడా తెలియదు. టైరు 20 మిల్లీమీటర్లు సన్నబడటం మంచుకు మేలే. వెడల్పాటి టైరు తాజా మంచు మీద తేలినట్టు నడుస్తుంది, సన్నటిది దాన్ని కోసుకొని కిందికి దిగుతుంది. పక్క గోడ 90 నుంచి 102 మిల్లీమీటర్లకు పెరుగుతుంది కనుక, మంచు కరిగాక బయటపడే గుంతల్లో రిమ్ము వంగే ప్రమాదమూ తగ్గుతుంది. బరువు సూచికను మాత్రం 92కు తగ్గనివ్వకూడదు. 92 అంటే ఒక్కో టైరు 630 కిలోలు మోయగలదని అర్థం.

17 అంగుళాలు అని రాసి ఉన్నంత మాత్రాన ఏ రిమ్మయినా సరిపోతుందని కూడా అనుకోవద్దు. ఒకే సైజు రిమ్ములలో ఒకదాని ఆకులు బయటికి ఉబ్బి ఉంటాయి, మరొకదానివి లోపలికి వంగి ఉంటాయి. మొదటిది కాలిపర్‌ను దాటుతుంది, రెండోది తాకుతుంది. ఆ కారుకు బోల్టుల వలయం 112 మిల్లీమీటర్ల మీద అయిదు రంధ్రాలు, నడిమి రంధ్రం 57.1 మిల్లీమీటర్లు, బోల్టు ఎం14 (అంటే 14 మిల్లీమీటర్ల మందం), మర పిచ్ 1.5. ఇవన్నీ కుదిరాక కూడా, డబ్బు చెల్లించే ముందు ఒక ఉత్త రిమ్మును బిగించి చేత్తో తిప్పి చూడమనండి. చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకంటే ఇరుకైతే చిన్న రాయి గాని, గడ్డకట్టిన మంచు గాని ఆ సందులో ఇరుక్కొని రిమ్మును లోపలి నుంచి గీస్తూ పోతుంది.

ఈ ఖాళీని కొలిచేటప్పుడు అనుభవజ్ఞులు కూడా మరచిపోయే సంగతి ఒకటున్నది. ఆ కారు కాలిపర్ జరుగుడు రకం, అంటే ప్యాడ్లు అరిగే కొద్దీ దాని బయటి ముఖం కారు లోపలి వైపుకు జరుగుతూ పోతుంది. అరిగిన ప్యాడ్లతో చూసినప్పుడు ఆకుకూ కాలిపర్‌కూ మధ్య కనిపించే ఖాళీ, కొత్త ప్యాడ్లు వేసిన రోజున ఉండదు. అలాగే చక్రాన్ని తూకం చేసేటప్పుడు టైరు దుకాణంలో లోపలి గోడకు అతికించే సీసపు బిళ్లల వంటి బరువులు, పెద్ద కాలిపర్ ఉన్న కార్లలో దానికి తగిలి ఊడిపోవడం తరచుగా జరిగేదే. వాటిని కాలిపర్ తిరిగే చోటు తప్పించి అతికించమని ముందే చెప్పాలి.

కొత్త రిమ్ము ఆకు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల కోసమే ఆగిపోతే స్పేసర్ వేసుకోవచ్చు. అయితే స్పేసర్ ఎంత మందమో బోల్టు అంత పొడవు పెరగాలి. ఎం14 బోల్టు చేతితో కనీసం తొమ్మిది పది చుట్లు తిరిగి బిగియాలి. ఆరు చుట్లకే బిగిసిందంటే ఆ చక్రాన్ని రోడ్డు ఎక్కించకూడదు. ఫోక్స్‌వాగన్ సొంత రిమ్ములకు బోల్టు తల కింది భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది, బయటి కంపెనీల రిమ్ములు చాలావాటికి గరాటులా ఏటవాలుగా ఉంటుంది. ఒకదానిది మరొకదానికి వాడితే సన్నటి గీత మీద మాత్రమే ఆనుకొని, కొద్ది రోజులకే వదులవుతుంది. బిగింపు 120 న్యూటన్ మీటర్లు. దాన్ని టార్కు పానాతోనే బిగించి, 80 లేదా 100 కిలోమీటర్లు నడిపిన తరువాత మరొకసారి సరిచూడాలి. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి రిమ్ము హబ్బుకు తుప్పుతో అతుక్కుపోతుంది. బిగించే ముందు హబ్బును తీగ బ్రష్షుతో శుభ్రం చేసి పలుచగా గ్రీజు వంటి లేపనం రాయవచ్చు, బోల్టు మరలకు మాత్రం రాయకూడదు.

ఇన్ని చక్రాల లెక్క ఎందుకు, ఉన్న టైర్లతోనే మెల్లగా నడుపుకోవచ్చు కదా అని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ దిగువన గట్టిపడి పట్టు కోల్పోతుంది. డెట్రాయిట్‌లో జనవరి రాత్రులు సున్నాకు చాలా కిందికి పోతాయి. పెద్ద బ్రేకులు ఉన్నాయన్న ధీమా కూడా అక్కడ పనిచేయదు. మంచు మీద చక్రం తిరగకుండా పట్టుకోవడం చిన్న బ్రేకుకూ చేతనవుతుంది, కారు జారకుండా పట్టవలసినది టైరే. పెద్ద డిస్కు ఇచ్చేది వేడిని తట్టుకొనే శక్తి. అది ఎండాకాలంలో వేగంగా పోతూ మళ్లీ మళ్లీ బ్రేకు తొక్కేవారికి అక్కరకు వస్తుంది.

మరొక మాట. 2007 సెప్టెంబరు తరువాత అక్కడి అమ్మకానికి తయారైన కార్లన్నింటికీ టైరు గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. కొన్ని కార్లలో వాల్వు దగ్గర సెన్సారు ఉంటుంది, కొన్నింటిలో చక్రం తిరిగే వేగాన్ని బట్టి కారే అంచనా వేస్తుంది. చక్రాలు మార్చిన రోజు మొదటి రకానికి కొత్త సెన్సార్లు కావాలి, రెండో రకానికి మెనూలో రీసెట్ చేస్తే చాలు. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడమనండి; ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని సూచించే) అక్షరాలు మాత్రమే ఉన్నవి మంచు పరీక్షకు నిలిచినవి కావు. నాలుగు చక్రాలకూ ఆ కొండ గుర్తు ఉన్నవే వేయాలి.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. 2021లో కొన్న క్రెటా పై రకం వాడుతున్నాను. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, 17 అంగుళాల అల్లాయ్‌లు. పొలానికి పోయే దారిలో గుంతలకు ఇప్పటికి రెండు రిమ్ములు వంగాయి. కింది రకానికి వచ్చే 16 అంగుళాల చక్రాలు చవకగా దొరుకుతున్నాయి. వేసుకోవచ్చునా?
– ఒక రైతు, అచ్చంపేట

జవాబు: పై సమాధానంలోని చిక్కే మీకూ ఎదురుకావచ్చు. ఆ రిమ్ములు వెనక డ్రమ్ములున్న కారు నుంచి తీసినవైతే, మీ వెనక కాలిపర్‌ను దాటుతాయో లేదో బిగించి చూసేదాకా ఎవరూ చెప్పలేరు. నాలుగు మూలలా చూడండి, ముందు రెండూ ఎక్కాయని సంతృప్తి పడవద్దు.

ఎక్కుతాయనే అనుకుందాం. మీ టైరు 215/60 ఆర్17, మొత్తం ఎత్తు 690 మిల్లీమీటర్లు, పక్క గోడ 129. కింది రకానిది 205/65 ఆర్16, ఎత్తు 673, పక్క గోడ 133. మీరు కోరుకున్న రబ్బరు గోడ పెరిగేది 4 మిల్లీమీటర్లు మాత్రమే, అందుకు బదులుగా కారు నేలకు 8 మిల్లీమీటర్లు దిగుతుంది. గుంతల దారికి ఈ బేరం గిట్టుబాటు కాదు. స్పీడోమీటరు 100 చూపినప్పుడు కారు నిజంగా పోయేది 97.5 మాత్రమే. అదే 16 అంగుళాల రిమ్ము మీద 215/65 ఆర్16 వేయించుకుంటే పక్క గోడ 140కి చేరుతుంది, మొత్తం ఎత్తు 686 వస్తుంది, నేల నుంచి ఎత్తులో పోయేది రెండు మిల్లీమీటర్లే. చక్రాలు కొన్నా వాటితో వచ్చే 205/65 టైర్లు మాత్రం తీసివేయించండి. ముందు స్టీరింగును రెండు కొసలకూ తిప్పి టైరు ఎక్కడా తగలడం లేదని చూసుకొని, మార్పు సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. గాలిని ప్రతి పదిహేను రోజులకూ చూసుకోవడం అన్నిటికన్నా చవకైన వైద్యం. మీ రిమ్ములు వంగడంలో గాలి తగ్గిన టైర్ల పాత్ర కూడా ఉండి ఉంటుందని నా అనుమానం.

ప్రశ్న: విదేశాల నుంచి వచ్చిన పాత టైర్లని, మంచు రేకు గుర్తున్నవి తక్కువ ధరకు అమ్ముతున్నారు. హైదరాబాదు దారిలో రోజూ తిరిగే నా కారుకు వాడవచ్చా?
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: వాడవద్దు. చలిలోనూ మెత్తగా ఉండేలా చేసిన రబ్బరు అది. మన మే నెలలో కాగిన తారు మీద రబ్బరు బిళ్లలా అరిగిపోతుంది, తడి లేని రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆగే దూరమూ పెరుగుతుంది. పైగా పాతవి. పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనదని అర్థం. ఐఎస్ఐ గుర్తున్న కొత్త టైరు కొనుక్కోండి. ఒకేసారి నాలుగింటికి డబ్బు సర్దకపోతే, ఒకే ఇరుసు మీది జతను ఇప్పుడు మార్చి, రెండో జతను ఆ తరువాత మార్చండి. కొత్త జతను వెనక ఇరుసుకే వేయించండి.