స్నాప్ ఫిట్ (నొక్కితే టక్కున తగులుకునే) మూత కొక్కేలు విరిగిపోతుంటే మందం పెంచాలా?

మీరిచ్చిన కొలతలు చూశాను. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసిన 3డీ ప్రింట్, కొక్కెం పొడవు 8 మిల్లీమీటర్లు, మందం 2, కొన దగ్గర పొడుచుకొచ్చే అంచు 1. రెండోసారి మూత తీయగానే విరిగిందన్నారు, మందం 3 చేస్తే ఆగుతుందా అని అడిగారు. దయచేసి మందం పెంచకండి, ఇంకా త్వరగా విరుగుతుంది. తిరుపతిలో ఇంట్లో ప్రింటర్ పెట్టుకున్న కొత్తలో నేనూ అదే చేసి అర కిలో ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) పారేశాను.

కొక్కెం వంగినప్పుడు దాని మొదట్లో ప్లాస్టిక్ ఎంత సాగుతుందో లెక్క కట్టొచ్చు. మూడు, అంచు, మందం గుణించి, పొడవు వర్గానికి రెండింతలతో భాగించాలి. మీ కొలతలకు 4.7 శాతం వస్తుంది. మందం 3 చేస్తే 7 దాటుతుంది. అదే పొడవు 16, మందం 1.5 పెడితే 0.9 శాతమే! పీఎల్ఏకి నేను 2 శాతం దాటనివ్వను. పొడవు రెట్టింపైతే సాగడం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ముందు పొడవు మీదే చెయ్యి వేయండి.

డబ్బాలో అంత చోటు లేదంటారా? మీ టీవీ రిమోట్ బ్యాటరీ మూత తీసి చూడండి. దాని నాలుక లాంటి కొక్కెం 'యు' ఆకారంలో మడత పడి ఉంటుంది. చిన్న చోటులోనే పొడవు సంపాదించారు. గోడకే రెండు పక్కలా చీలిక పెట్టి, ఆ ముక్కనే కొక్కెంగా వాడుకోవచ్చు కూడా.

కొక్కెం మొదట్లో పదునైన మూల ఉంచకండి, మందంలో సగం వ్యాసార్థంతో గుండ్రం చేయండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ప్రింట్ దిశ. నిలువుగా ప్రింటైన కొక్కెం పొరల మధ్య పుటుక్కున ఊడుతుంది. నేను కొక్కేన్ని వేరే ముక్కగా పడుకోబెట్టి ప్రింట్ చేసి, మూతలో గాడి పెట్టి దూరుస్తాను. గాడిలో 0.2 మిల్లీమీటర్ల సందు చాలు.

మన ఎండల మాట కూడా చెప్పాలి. బంగారుపాళెం దగ్గర మా బావ మామిడి తోటలో నీళ్ల ట్యాంకు సెన్సార్‌కి పీఎల్ఏ డబ్బా చేసిచ్చాను. మే నెలలో ఫోన్ చేసి "మూత ఊడిపోయిండాది రా" అన్నాడు. వెళ్లి చూస్తే కొక్కేలు విరగలేదు, బయటికి వంగిపోయి అలాగే ఉండిపోయాయి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో మూసిన పెట్టె లోపల అంత వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. పైగా మూత వేశాక కూడా నా కొక్కేలు కొంచెం వంగే ఉన్నాయి, తప్పు అక్కడ జరిగింది. మూత పడగానే కొక్కెం తిరిగి నిటారుగా, ఏ ఒత్తిడీ లేకుండా నిలవాలి. తర్వాత పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌లో చేశాను, అది 80 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

మూత మళ్లీ తీయాలంటే అంచు లోపలికెళ్లే వైపు 30, బయటికొచ్చే వైపు 45 డిగ్రీల వాలు పెట్టండి. డబ్బా మొత్తం ప్రింట్ చేసే ముందు ఒక్క కొక్కెం, దాని రంధ్రం ఉన్న చిన్న ముక్క తీసి, యాభై సార్లు వేసి తీసి చూడండి. కొక్కెం మొదలు దగ్గర తెల్లటి గీత కనిపిస్తే పొడవు ఇంకా చాలలేదన్నమాట.