బాబు పక్కకి చూడాలంటే తల విసురుతున్నాడు, ఎంఆర్ఐ చేయించాలా?

చేయించండి. ఏడు నెలల బాబు, కళ్ళు ఊగుతున్నాయి, పక్కకి చూడాలంటే తల విసురుతున్నాడు, ఎంఆర్ఐకి మత్తు ఇస్తారంటే భయంగా ఉంది అన్నారు కదా, మా పాపా అచ్చం ఇలాగే చేసేది. తనకి జూబెర్ట్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే మెదడులో ఒక భాగం సరిగా ఎదగని జన్యు జబ్బు.

మూడో నెలలో గిలక్కాయ ఊపినా చూపు కదిపేది కాదు, కళ్ళు కనబడవేమోనని ఏడ్చాను. మెడ నిలిచాక ఈ విసురు మొదలైంది. మా అత్తగారు దిష్టి అన్నారు, ఒక డాక్టరుగారు అలవాటు, అదే పోతుందన్నారు, అలా నాలుగు నెలలు పోయాయి. తర్వాత పిల్లల న్యూరాలజిస్టు విడమరిచి చెప్పారు. మనం పక్కకి చూడాలనుకుంటే కన్ను చటుక్కున అటు దూకుతుంది, వీళ్ళకి ఆ దూకడమే మొదలవ్వదు, తల తిప్పినా కళ్ళు పాత చోటే ఉండిపోతాయి, అందుకని తలని బొమ్మ దాటి ఇంకా అవతలకి విసిరి, కళ్ళని కూడా దాంతో లాక్కెళ్ళి, చూపు బొమ్మ మీద పడ్డాక తలని మెల్లగా వెనక్కి తెచ్చుకుంటారట. ఎవరూ నేర్పకుండా తనే కనిపెట్టుకున్న ఉపాయమన్నమాట! అది విన్నాక తల పట్టి ఆపడం మానేశాను.

ఎంఆర్ఐలో చిన్నమెదడు మధ్య భాగం సరిగా ఎదగలేదని తెలిసింది, ఫిల్ములో దవడ పన్ను లాంటి ఆకారం మాకూ చూపించారు. మత్తు సంగతికొస్తే, ఈ పిల్లల్లో కొందరు ఉన్నట్టుండి కుక్కపిల్లలా రొప్పి, కాసేపు ఊపిరి ఆపేస్తారు. మత్తు మందులతో ఊపిరి ఇంకా మందగించొచ్చు కాబట్టి అలాంటిది కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి మత్తు డాక్టరుకి ముందే చూపించండి, మేమదే చేశాం.

మీ బాబుదీ ఇదే అనను, కళ్ళు ఊగడానికి వేరే కారణాలు బోలెడు. కానీ నిద్ర లేవగానే తల ముందుకి వాలుతూ, చేతులు పైకి లేస్తూ వరసగా కుదుపులు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఫిట్స్ కావచ్చు, ఆ రోజే వెళ్ళండి.

జూబెర్ట్ అని తేలితే రెటీనా (కంటి లోపలి తెర), కిడ్నీలు, లివర్ కూడా చూపిస్తూ ఉండాలి, మేం ఏటా వెళ్తాం. మాది మేనరికం, బావనే చేసుకున్నాను. ఇద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం, ప్రతి కాన్పుకీ 25 శాతం అవకాశం అన్నారు. మేనరికం కాకపోయినా రావచ్చు, కాబట్టి రెండో బిడ్డ అనుకునే ముందు జన్యు పరీక్ష చేయించుకోండి.

పాపకిప్పుడు ఆరేళ్ళు. మూడున్నరేళ్ళకి నడిచింది, ఇంకా కాస్త తూలుతుంది. విసురు చాలా తగ్గింది, చదివేటప్పుడు లైను మారేచోట కనిపిస్తుందంతే, వేలు పెట్టి చదవమంటే బాగానే చదువుతుంది.