ఖాతాలో 7 లక్షలు, ఇంట్లో మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: సైన్యంలో మేజర్ హోదాలో డాక్టర్‌ని. వయసు 36. 2025 జనవరి నుంచి జమ్మూకశ్మీర్‌లో ఫీల్డ్ పోస్టింగ్. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు సైనిక్‌పురిలో అద్దె ఇంట్లో ఉంటారు. చేతికి నెలకు 1.90 లక్షలు వస్తాయి. అందులో ఫీల్డ్ అలవెన్సులు 20 వేలు. అద్దె, స్కూలు ఫీజులు, కారు ఈఎంఐతో కలిపి ఖర్చు 1.06 లక్షలు. సిప్ 30 వేలు. జీతం ఖాతాలో 3 లక్షలు, ఎఫ్‌డీ 4 లక్షలు, రెండూ నా ఒక్కడి పేరు మీదే. 2025 మేలో సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజుల్లో నాన్నకు అర్జెంటుగా స్టెంట్ వేశారు. నేను ఫోన్‌కు దొరకలేదు. నా భార్య 3 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఎఫ్‌డీ తెంచితే వడ్డీ పోతుందని నాలుగు నెలలు ఆగి తీర్చాను. ఇప్పుడు షాద్‌నగర్ దగ్గర ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ప్లాటుకు లక్ష అడ్వాన్సు ఇచ్చాను. మిగతాదానికి 15 లక్షల పర్సనల్ లోన్ 12 శాతానికి ఐదేళ్లకు వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ప్లాటు సంగతి చివర్లో చూద్దాం, ముందు మే నెల సంగతి. డాక్టర్ గారూ, మీ ఇంట్లో డబ్బు లేక అప్పు చేయలేదు. మందుల బీరువా నిండుగా ఉంది, తాళంచెవి మాత్రం మీ జేబులో ఉండిపోయింది. గల్ఫ్‌లో ఉన్నవారి ఇళ్లలోనూ, ఓడల మీద పనిచేసేవారి ఇళ్లలోనూ ఇదే తప్పు జరుగుతుంది. పైగా ఎఫ్‌డీ తెంచితే మామూలుగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ తగ్గుతుంది. దాన్ని కాపాడుకోవడానికి నెలకు 9 వేల చొప్పున 36 వేలు కట్టారు. ఈ లెక్క నాకు మింగుడు పడటం లేదు.

మీ అత్యవసర నిధి తొమ్మిది నెలల ఖర్చుకు సరిపోవాలి. అంటే 9.5 లక్షలు. సైన్యం జీతం ఆగదు కదా, మూడు నెలలది చాలదా అనుకోవచ్చు. జీతం ఆగదు నిజమే, మీ సంతకం అందకుండా పోవచ్చు. దీనికి అమ్మానాన్నల కోసం మరో 3 లక్షలు కలపండి. వాళ్ల ఆదాయం సైన్యం పెట్టిన పరిమితి దాటితే మిలటరీ ఆసుపత్రి వైద్యానికి డిపెండెంట్ల కింద రారు. ఇవాళ హెల్త్ పాలసీ తీసుకున్నా నాన్నగారి గుండె జబ్బుకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. పాలసీ తీసుకోండి, స్టెంట్ సంగతి దాచకుండా రాయండి. ఆ మూడేళ్లూ మాత్రం ఈ 3 లక్షలే దిక్కు. మొత్తం 12.5 లక్షలు. 7 లక్షలు ఉన్నాయి. నెలనెలా మిగిలే 54 వేలు ఇటు మళ్లిస్తే పది పదకొండు నెలల్లో నిండుతుంది. సిప్ ఆపనక్కర్లేదు.

ఈ డబ్బు ఎవరి చేతికి అందేలా ఉందన్నదే అసలు విషయం. మీ శ్రీమతికి విడిగా సేవింగ్స్ ఖాతా ఉండాలి, దానికి ఆమె నంబరే ఉండాలి. అందులో 2.5 లక్షలు ఎప్పుడూ కదలకూడదు. మీ జీతం ఖాతా ఏటీఎం కార్డు ఆమెకిచ్చి వెళ్తే సరిపోదు. పెద్ద మొత్తానికి ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ అయినా సిగ్నల్ ఉండాలి కదా.

ఎఫ్‌డీని ఇద్దరి పేర్ల మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' చేసేస్తే పనైపోయిందనుకోకండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గడువు తీరాక ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. గడువుకు ముందే తెంచాలంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగొచ్చు. అందుకే 6 లక్షలను లక్ష చొప్పున ఆరు ఎఫ్‌డీలు చేసి, రెండేసి నెలలకు ఒకటి గడువు తీరేలా పెట్టండి. ఒక్కరి సంతకంతో ముందే తీసుకునే వీలుంటుందా అని మేనేజర్‌ని అడిగి, ఖాతా తెరిచే రోజే ఇద్దరూ రాసిచ్చేయండి. మిగిలిన 4 లక్షలు ఆమె మొదటి పేరుగా లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. మీరిచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ, లాభం మీ ఆదాయంలోనే కలుస్తాయి, రిటర్నులో చూపండి.

డీఎస్ఓపీలో, అంటే సైనికాధికారుల ప్రావిడెంట్ ఫండ్‌లో ఎంత ఉన్నా దాన్ని అత్యవసర నిధిగా లెక్కేయకండి. కాగితాలు పుణెలోని సైనికాధికారుల జీతాల లెక్కల కార్యాలయం (పీసీడీఏ) దాకా వెళ్లి రావాలి, ఐసీయూ బిల్లు అంతవరకు ఆగదు.

ఇక బీమా. సైన్యం గ్రూప్ బీమా (ఏజీఐఎఫ్) ఎటూ ఉంది, దానిపై ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. యుద్ధంలో పోతే కుటుంబానికి వచ్చే పింఛను వేరు, సెలవులో రోడ్డు ప్రమాదంలో పోతే వచ్చేది వేరు. టర్మ్ పాలసీ ఈ రెండో సందర్భం కోసం. ప్రపోజల్‌లో ఫీల్డ్ పోస్టింగ్ సంగతి స్పష్టంగా రాయండి. ప్రమాద బీమా రైడర్లలో యుద్ధానికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది, వాటిని నమ్ముకోవద్దు. వివాహిత మహిళల ఆస్తి చట్టం, 1874 కింద రాయిస్తే ఆ సొమ్ము మీ అప్పులవాళ్ల చేతికి పోదు. పాలసీ తీసుకునేటప్పుడే అడగాలి, తర్వాత కుదరదు.

ఇప్పుడు ఆ 15 లక్షలు. ఈఎంఐ 33,367, ఐదేళ్లలో వడ్డీ 5 లక్షలు. రేపు పీస్ స్టేషన్‌కు బదిలీ అయితే ఫీల్డ్ అలవెన్సులు పోతాయి, నెలకు మిగిలేది 34 వేలకు దిగుతుంది. అంటే చేతిలో ఉండేది ఆరేడు వందలు. అలవెన్సును చూసి ఈఎంఐ పెట్టుకోవడం ఎలాంటిదో మీకు వేరే చెప్పాలా? పైగా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి ప్రీలాంచ్ వెంచర్‌లో ప్లాట్లు అమ్మడం, బుకింగు తీసుకోవడం చట్టవిరుద్ధం. ఎక్కువ ప్రీలాంచ్‌ల బాగోతం ఇదే. తెలంగాణ రెరా నంబరు అడగండి. నంబరు లేదని చెబితే ఇచ్చిన లక్ష తిరిగివ్వమని రాతపూర్వకంగా కోరండి, రసీదు కాపీ శ్రీమతి దగ్గర ఉంచండి. ఈసారి సెలవులో మొదటి పని ఆమెతో కలిసి బ్యాంకుకు వెళ్లడం. షాద్‌నగర్ ఆ తర్వాత.