చేపను బాగా కడిగి, ఉడికిస్తే అందులోని పాదరసం పోతుందా?

పోదు, కడిగినా, ఉప్పు పసుపు రాసి రుద్దినా, పులుసు పెట్టినా, వేయించినా చేపలో ఉన్న పాదరసం తగ్గదు. అది పైన అంటుకున్న మురికి కాదు, మిథైల్ మెర్క్యురీ రూపంలో కండలోని మాంసకృత్తులకే అతుక్కుని ఉంటుంది. వేపుడులో నీరు ఇగిరిపోయి, ముక్క బరువు తగ్గుతుంది గానీ పాదరసం అలాగే మిగులుతుంది.

నీటిలోని పాదరసాన్ని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. నాచు నుంచి చిన్న చేపకు, దాని నుంచి పెద్ద చేపకు చేరేకొద్దీ మోతాదు పెరుగుతుంది. అందుకే ఏళ్ల తరబడి బతికి ఇతర చేపల్ని తినే పెద్ద సొరలో ఎక్కువ, నెత్తళ్లు, కవళ్లలో చాలా తక్కువ. కోస్తాలో పాలు పడతాయని బాలింతలకు సొర పిట్టు పెడతారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) మాత్రం గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు సొర తినొద్దంటోంది. పసిమెదడు ఎదుగుదలకు దెబ్బ కాబట్టి ఈ విషయంలో మొహమాటం వద్దు.

‘మొప్పలు ఎర్రగా ఉన్నాయి, తాజా చేపే’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పాదరసం ఉన్నా చేప రంగులో, వాసనలో తేడా తెలియదు. కొట్లో అడగాల్సింది ఏ రకం చేప అన్నదే. అలాగని చేపలే మానేయక్కర్లేదు, చిన్నవి తినండి.