సాంచాలు ఆగిన రాత్రి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన కథ అందాయి. కథ రెండుసార్లు చదివాను, ఉత్తరం నాలుగుసార్లు. అందుకే ముందు ఉత్తరం సంగతే రాస్తున్నాను.

మీ నాన్నగారు పక్కన కూచుని జంతికలు నములుతుంటే కంచం వదిలేసి లేచిపోయానని, ఆయన మొహం చిన్నబోయిందని, ఆ రాత్రంతా ఏడ్చానని రాశావు. "నాకసలు మనుషులంటేనే పడదేమో మేడమ్" అని చివర్లో ఒక వాక్యం పెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్ తల్లీ. పడనిది మనుషులు కాదు. నమలడం, జుర్రుకోవడం, పెన్ను టిక్కు టిక్కుమని నొక్కడం లాంటి చిన్న చప్పుళ్ళకు ఒళ్ళంతా మండిపోయే ఈ బాధకి మిసోఫోనియా అని పేరుంది. జాస్ట్రెబాఫ్ దంపతులనే శాస్త్రవేత్తలు 2001 ప్రాంతంలో ఆ పేరు పెట్టారు. 2017లో ఇంగ్లండులోని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటివాళ్ళ మెదడుకి స్కాన్ తీస్తూ ఆ చప్పుళ్ళు వినిపించారు. మెదడులో ఇన్సులా అనే భాగం మిగతావాళ్ళలో కన్నా చాలా ఎక్కువగా స్పందించింది, గుండె వేగం పెరిగింది, చర్మం చెమర్చింది. ఇందులో నీ పొగరుగానీ, పెంపకం లోపంగానీ ఏమీ లేవు. ఈ మాట మీ నాన్నగారికి కూడా చెప్పు. చెప్పకపోతే ఆయన తన పళ్ళనో, తన పల్లెటూరి తిండినో నువ్వు అసహ్యించుకుంటున్నావని అనుకుంటారు. మా నాన్న అలాగే అనుకున్నాడు. టీ సాసర్‌లో పోసుకుని జుర్రుమని తాగేవాడు, నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. నా చిన్నప్పుడు ఈ పేరు ఎవరికీ తెలీదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పెళ్ళయితే అదే తగ్గుతుందన్నాడు. నాన్న మాత్రం నాలుగో రోజు నుంచి టీ పెరట్లోకి తీసుకెళ్ళి తాగడం మొదలుపెట్టాడు. చివరిదాకా అక్కడే తాగాడు. నేను ఆపలేదు.

రాస్తే ఇది నయమైపోతుందని నీకు చెప్పను. నాకు నయం కాలేదు. రాయడం వల్ల జరిగేది ఇంకొకటి. చప్పుడు మీద పడినప్పుడు దాన్ని అక్షరాల్లో పెట్టడానికి ప్రయత్నించు. కరకరా, గరగరా, కిర్రా, కీచా? ఎంతసేపటికోసారి వస్తోంది? మధ్యలో ఊపిరి ఎంతసేపు తీసుకుంటోంది? ఆ వెతుకులాటలో ఉన్న ఐదు నిమిషాలూ చప్పుడు నిన్ను తరమదు, నువ్వే దాని వెంట పడతావు. ప్రాగ్‌లో కాఫ్కా అనే రచయితకి కూడా చప్పుళ్ళంటే బాధే. తర్వాత్తర్వాత చెవుల్లో మైనం ముద్దలు పెట్టుకున్నాడు గానీ, 1911లో ఒకరోజు డైరీ తీసి ఇంట్లో చప్పుళ్ళన్నీ వరసగా రాశాడు: తండ్రి గౌను నేలమీద ఈడ్చుకుంటూ తన గది దాటి వెళ్ళడం, పక్క గదిలో పొయ్యిలోంచి బూడిద గీకడం. ప్రతి చప్పుడు వెనకా ఎవరో ఒకరున్నారు చూడు. చెవిలో పెట్టుకునేవి నువ్వూ వాడు, తప్పులేదు. రోజంతా మాత్రం వద్దు. నిశ్శబ్దానికి అలవాటుపడ్డ చెవి ఇంకా సున్నితమైపోతుంది.

ఇప్పుడు నీ కథ. మియాపూర్‌లో అపార్టుమెంటు, పక్కన కడుతున్న టవరు, రేకుల షెడ్లలో కూలీలు, నిద్రపట్టని అమ్మాయి. ఆ అమ్మాయి చెవిని నువ్వు రాసిన తీరు నాకు చేతకాదు. కుక్కరు మూడో విజిల్‌కి ముందు బుసకొట్టడం, పైఫ్లోరులో గోళీ దొర్లుతూ దొర్లుతూ ఆగడం, ఎంత బాగా పట్టుకున్నావు! కానీ షెడ్ల దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక్క మాట వాడావు. "గోల." లెక్కపెట్టాను, 11 చోట్ల ఉంది.

మన భాషలో చప్పుడు, మోత, రొద, హోరు, సందడి, గోల ఒకటి కాదు. మన ఇంట్లో పెళ్ళయితే సందడి, పక్కింట్లో అయితే గోల. చెవికి వినపడేది అదే డోలు, అదే సన్నాయి. మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో మాట ఎంచుకునే దగ్గరే తేలిపోతుంది. నీ కథలో అమ్మాయి లోకానికి పరాయిది, ఆమె బాధ మనకి తెలుస్తుంది. ఆమెకి పరాయివాళ్ళు షెడ్లలో ఉన్నారు, వాళ్ళకి కథలో ఒక్క గొంతైనా లేదు. ఈ చెవి ఉన్నంత మాత్రాన దయ దానంతటది రాదమ్మా. ముందు వచ్చేది కోపమే. నాకూ అదే వచ్చింది.

1990ల చివర ఉద్యోగరీత్యా సిరిసిల్లలో అద్దెకున్నాను. నా అర్ర గోడకి ఆవలే సాంచాల షెడ్డు. సాంచా అంటే మరమగ్గం, నువ్వు విని ఉండవు. ఒక్క సాంచా అయితే టకా చటా, టకా చటా అని విడిగా వినిపిస్తుంది. ఎనిమిదీ పదీ కలిసి నడిస్తే విడివిడిగా ఏదీ ఉండదు, గోడే కొట్టుకుంటున్నట్టుంటుంది. కంచంలో నీళ్ళు సన్నగా వణికేవి. ఆ వణుకు చూస్తూ అన్నం తినేదాన్ని. రాత్రి డ్యూటీ వాళ్ళని మనసులో ఎన్ని తిట్టుకున్నానో! ఒక రాత్రి కరెంటు పోయింది, తెల్లారేదాకా రాలేదు. ఆ చీకట్లో మంచం మీద కూచుని చేతులు జోడించి దండం పెట్టుకున్నాను. నెలల తర్వాత దొరికిన నిద్ర.

పొద్దున షెడ్డు గుమ్మంలో ఒకాయన మోకాళ్ళు ముడుచుకుని కూచుని ఉన్నాడు. రాత్రి మీరూ హాయిగా పడుకున్నారా అనడిగాను. రెండోసారి గట్టిగా అడిగితే వినపడింది. వీధంతా వినేంత పెద్దగా జవాబు చెప్పాడు: "ఏం హాయక్కా, సాంచాలు నడువకుంటే కూలి లేదు గద. మీకు సప్పుడు బందయింది, మాకు పొయ్యి బందయింది."

మీటరు లెక్కన కూలి. 12 గంటల డ్యూటీ. బట్ట దిగితేనే డబ్బు. నేను దండం పెట్టుకున్న చీకటి ఆయన ఇంట్లో పస్తు.

ఆ తర్వాత ఒకరోజు అడిగి లోపలికి వెళ్ళాను. చెవుల్లో దూది కుక్కుకుని పది నిమిషాలున్నాను, అంతకన్నా ఉండలేకపోయాను. లోపల మాటలుండవు, చేతులే. రెండు వేళ్ళు గాల్లో తిప్పితే దారం కండె అయిపోయిందని. దారం తెగితే చప్పుడులో వచ్చే తేడాని ఆయన అన్ని సాంచాల మధ్య నుంచి పట్టేవాడు. బయట మనిషి మాట వినపడని చెవి అది! అంతకుముందు మహారాష్ట్రలోని భీవండిలో పనిచేసి వచ్చాడట. అక్కడ వీళ్ళు నలుగురు కూచుని తెలుగు మాట్లాడుకుంటే పక్కవాళ్ళు కొట్లాట అనుకునేవాళ్ళట. ఆయన భార్య నాతో అన్న మాట ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో ఉంది: "మా ఇంట్ల గుసగుసలుండయి మేడం. ఏది చెప్పినా ఊరందరికీ చెప్పినట్టే." భార్యాభర్తలు రహస్యంగా ఒక్క ముక్క మాట్లాడుకోలేని ఇల్లు. నేను మొదటి కథ అక్కడ రాశాను. సాంచాల మోత నాకు ఆ తర్వాతా కష్టంగానే ఉంది. తిట్టుకోవడం మాత్రం ఆగింది.

అన్నీ ఓర్చుకో అని దీనర్థం కాదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని, ఇళ్ళ మధ్య రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. డీజే పెడితే ఫిర్యాదు చెయ్, నేనూ చేస్తాను. చప్పుడు ఆపగలిగేది ఎవరో చూడు. డీజే పెట్టినవాడు ఒక్క మీట నొక్కి ఆపగలడు. స్లాబ్ పోస్తున్న రాత్రి కాంక్రీటు మిక్సరు దగ్గరున్న కూలీ ఆపలేడు. నీ కథలో కోపం కూలీ దగ్గరే ఆగిపోయింది, బిల్డరు దాకా పోలేదు.

తిరగరాసేముందు ఒక ఆదివారం పగటిపూట షెడ్ల వైపు వెళ్ళు. రాత్రి 11కి ఫోన్లో పాట పెట్టేవాడెవడో కనుక్కో. నువ్వే ఊహించి ఇంటి మీద బెంగ అని రాసెయ్యకు, అడుగు. వాడికి భోజ్‌పురియో ఒడియానో వస్తుంది, నీకు హిందీ వచ్చు, చాలు. ఆ పాట ఎక్కడ ఆగి మళ్ళీ మొదలవుతుందో నీ చెవికి ఈపాటికే తెలుసు. అదే అడుగు, మాట కలుస్తుంది. చెప్పనంటే వదిలెయ్, చెప్పకపోవడం వాడి హక్కు. చెప్పినదంతా కథలో కుక్కకు. మిసోఫోనియా అనే పేరు కూడా కథలో వద్దు. కంచం వదిలి లేచిన అమ్మాయి కనపడితే చాలు.

మీ నాన్నగారి గురించి ఒక పేజీ విడిగా రాయి, నాకు పంపక్కర్లేదు. ఆ జంతికల చప్పుడు మొదటినుంచి చివరిదాకా రాసి, తర్వాత వాటిని ఎవరు చేశారు, ఎవరికోసం తెచ్చారు అనేది రాయి.

వచ్చే నెల వస్తానన్నావుగా, తప్పకుండా రా. మా హాల్లో ఫ్యాన్ కిర్రుమంటోంది, నువ్వొచ్చేలోపు నూనె వేయిస్తాను. నాన్న పోయాక నేనూ టీ సాసర్‌లోనే పోసుకుని తాగుతున్నాను. నీకు కష్టంగా ఉంటే మొహమాటపడకుండా చెప్పు, నువ్వున్నన్నాళ్ళూ గ్లాసులో తాగుతాను. పెరట్లోకి మాత్రం వెళ్ళను, ఇద్దరం ఒకచోటే కూచుందాం.

ఇట్లు,
నీ పెద్దమ్మలాంటి
ఒక రచయిత్రి