టెండర్ పిలిచే ముందు కాస్త ఆగు

తమ్ముడూ,

డ్రాయింగ్స్ మొత్తం పూర్తయ్యాక టెండర్ పిలిచి, తక్కువ కోట్ చేసినవాడికి పని ఇచ్చేస్తానని రాశావు. నా మొదటి బిల్డింగ్ నేనూ అలాగే కట్టించాను. మూడో అంతస్తులో ఏసీ డక్ట్ వెళ్లాల్సిన చోట బీమ్ అడ్డొచ్చింది. ఆర్కిటెక్ట్ 'సైట్‌లో చూసుకోవాలి కదా' అన్నాడు, కాంట్రాక్టర్ 'డ్రాయింగ్‌లో ఎలా ఉంటే అలా కట్టాను' అన్నాడు, తర్వాత ఇద్దరూ నా వంక చూశారు. డబ్బు నేనే కట్టాను. యజమాని ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం కట్టిన కాంట్రాక్టర్‌ మీద ఆ డ్రాయింగ్‌లోని తప్పుల భారం వేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1918లోనే, స్పియరిన్ కేసులో చెప్పిందట. నాకు ఆలస్యంగా తెలిసింది.

అందుకే కట్టేవాణ్ణి డిజైన్ దశలోనే పిలువు. డిజైన్-బిల్డ్‌లో అయితే డిజైన్, నిర్మాణం రెండూ ఒకే కాంట్రాక్ట్, తప్పు నీదా నాదా అని వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు, కానీ ఆర్కిటెక్ట్ నీ మనిషి కాడు, అది గుర్తుంచుకో. యజమాని, ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్ ఒకే ఒప్పందం మీద సంతకం పెట్టి లాభనష్టాలు పంచుకునే ఐపీడీ (ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్ట్ డెలివరీ) కూడా ఉంది. వారం వారం వాళ్లతో కూర్చునే తీరిక లేకపోతే దాని జోలికి పోకు.

నీకు సీఎం ఎట్ రిస్క్ (సీఎం అంటే కన్‌స్ట్రక్షన్ మేనేజర్) అనే పద్ధతి సరిపోతుందనిపిస్తోంది. ఆర్కిటెక్ట్ నీ దగ్గరే ఉంటాడు, కాంట్రాక్టర్ మొదట్నుంచీ ఖర్చు లెక్కలు వేస్తూ, డిజైన్ కొంత ముదిరాక 'ఇంతకు మించదు' అని జీఎంపీ, అంటే గ్యారంటీడ్ మాగ్జిమమ్ ప్రైస్, ఇస్తాడు. తొందరపడి ముందే అడిగావనుకో, తెలియనివాటన్నిటికీ భయపడి అంకె పెంచేస్తాడు. కంటింజెన్సీ, అంటే అనుకోని ఖర్చులకు పక్కన పెట్టే డబ్బు ఎంత, దాన్ని ఎవరి అనుమతితో వాడాలి, మిగిలింది ఎవరికి ఎంత, బిల్లులూ కూలీల లెక్కలూ నువ్వు ఎప్పుడైనా చూడొచ్చా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. 'మనం మనం చూసుకుందాం' అంటే ఒప్పుకోకు.

ఎంపికలో మొత్తం ధర కాకుండా వాళ్ల ఫీజు, ఓవర్‌హెడ్ (ఆఫీసు నిర్వహణ ఖర్చులు) పోల్చు. ప్రజెంటేషన్ ఇచ్చే పెద్దాయన్ని కాదు, రోజూ సైట్‌లో ఉండే ఇన్‌ఛార్జ్‌నే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగు. నీ వైపు నుంచి కూడా టైల్స్ దగ్గర్నుంచి లిఫ్ట్ దాకా వెంటనే అవునో కాదో చెప్పే ఒక్క మనిషిని పెట్టు, నువ్వు నాన్చే ప్రతి రోజుకీ ఖర్చు ఉంటుంది.

జీఎంపీ కాగితాలు రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు. ఏమేం కలపలేదో, ఏమేం ఊహించుకున్నారో రాసే పేజీలు చివర్లో ఉంటాయి, నేను ముందు అవే చదువుతాను.