ట్రెడ్‌మిల్ టెస్ట్ నార్మల్ వస్తే గుండె నాళాల్లో పూడిక లేనట్టేనా?

అలా అనుకోవద్దు. రక్తం పారడానికి అడ్డుపడేంత పూడిక ఉంటేనే ఆ టెస్టులో సాధారణంగా తేడా కనిపిస్తుంది, నాళం గోడలో కొద్దిగా పేరుకున్నది దొరకదు, కానీ అదీ ఒక్కోసారి పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి హార్ట్ ఎటాక్ తెస్తుంది.

నాళంలోకి గొట్టం పంపకుండా చూడటానికి రెండు సీటీ స్కాన్‌లున్నాయి. మొదటిది కాల్షియం స్కోర్, నాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని లెక్కేసే స్కాన్, దీనికి ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. 0 వస్తే మంచి కబురే. 100 దాటితే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి. 400 దాటితే పూడిక బాగా ఉన్నట్టు. అయితే ఇది గట్టిపడిన కాల్షియాన్నే లెక్కేస్తుంది, మెత్తటి కొవ్వు దీనికి కనపడదు, అందుకే ఛాతీనొప్పి ఉన్నవాళ్లు, ముఖ్యంగా చిన్న వయసువాళ్లు, 0 చూసి ఊరుకోకూడదు.

మెత్తటిది కూడా తెలియాలంటే సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ చేయించాలి. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తారు, గుండె వేగంగా కొట్టుకుంటుంటే తగ్గించడానికి మాత్ర ఇస్తారు. స్కాట్లాండ్‌లో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో (2018 ఫలితాలు) ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకి మామూలు పరీక్షలతో పాటు ఈ స్కాన్ కూడా చేస్తే, ఐదేళ్లలో హార్ట్ ఎటాక్‌లు, గుండె జబ్బు మరణాలు కలిపి 2.3 శాతమే అయ్యాయి, మామూలు పరీక్షలే చేసినవాళ్లలో అవి 3.9 శాతం.

స్టాటిన్ వాడుతుంటే మెత్తటిది గట్టిపడి కాల్షియం స్కోర్ కాస్త పెరగొచ్చు. అది చూసి టెన్షన్‌తో మాత్ర మానేయకండి.